రికార్డు ఐడీలను ఉత్త సంఖ్యలుగా పంపకండి: ఏపీఐ బృందాలకు బహిరంగ లేఖ

ప్రభుత్వ శాఖలకు, బ్యాంకులకు, ప్రైవేటు సంస్థలకు ఏపీఐలు కట్టి నడుపుతున్న ఇంజనీరింగ్ బృందాలకు,

నమస్కారం.

మీ ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును సమాచారం అడిగే మార్గం) ఇచ్చే ప్రతి జవాబులోనూ ఒక ఐడీ, అంటే రికార్డు గుర్తింపు సంఖ్య, ఉంటుంది. దరఖాస్తుది కావచ్చు, వినియోగదారుది కావచ్చు, బిల్లుది కావచ్చు. మా స్క్రిప్టులు ఆ ఐడీని దాచుకుని మళ్లీ మీ దగ్గరికే వస్తాయి, ఆ రికార్డు చూపించమనో, మార్చమనో, తీసేయమనో. ఆ ఐడీని మీరు కొటేషన్ గుర్తుల మధ్య స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) పంపుతున్నారా, ఉత్త సంఖ్యగా పంపుతున్నారా అన్నదాని మీద మా డేటా భద్రత చాలావరకు ఆధారపడి ఉంది. మా విన్నపం ఇది: ఐడీలను స్ట్రింగ్‌గా పంపండి, మీ టేబుళ్లలో వాటికి 64 బిట్ల చోటు ఇవ్వండి, పాత 32 బిట్ల హద్దు దాటబోయే తేదీని కొన్ని నెలల ముందే ప్రకటించండి.

ఏ హద్దుల గురించి మాట్లాడుతున్నామో ముందు చెబుతాం. మొదటిది 2147483647, అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. 32 బిట్లలో ప్లస్, మైనస్ గుర్తు కోసం ఒక బిట్టు పోగా మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. మైనస్ సంఖ్యలు వద్దనుకుని ఆ బిట్టు కూడా వాడుకుంటే 4294967295 దాకా వెళ్లొచ్చు. రెండో హద్దు 9007199254740991. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ 64 బిట్ల ఫ్లోట్లే, అంటే దశాంశాలు కూడా పట్టే రూపం. అందులో అంకెలకు దక్కేది 53 బిట్లు, కాబట్టి ఈ 16 అంకెల సంఖ్య దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. ఏపీఐలు డేటా పంపే రూపమైన జేసన్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8259 కూడా ఈ పరిధిలో ఉన్న పూర్ణాంకాల విలువ విషయంలోనే వేర్వేరు ప్రోగ్రాములు ఏకీభవిస్తాయని చెబుతుంది. 64 బిట్ల ఇంటిజర్ (పూర్ణాంకం) హద్దు 9223372036854775807. మామూలు వరుస నంబర్లతో అక్కడిదాకా ఎవరూ చేరరు.

ఇది ఎప్పుడో రాబోయే ముప్పు కాదు. 2009 జూన్‌లో ట్వీట్ల ఐడీలు మొదటి హద్దు దాటినప్పుడు, వాటిని 32 బిట్లలో దాచుకున్న బయటి అప్లికేషన్లు కొన్ని పనిచేయడం మానేశాయి. మరుసటి ఏడాది ట్విట్టర్ స్నోఫ్లేక్ అనే పద్ధతికి మారింది. అందులో 41 బిట్లు మిల్లీసెకన్లలో సమయానికి, 10 బిట్లు యంత్రానికి, 12 బిట్లు వరుస సంఖ్యకు. అలా పుట్టిన ఐడీలు 53 బిట్ల హద్దును కూడా దాటేస్తాయి కనుక, జావాస్క్రిప్ట్ వాడేవాళ్ల కోసం ప్రతి ఐడీ పక్కనే అదే విలువను స్ట్రింగ్‌గా ఇంకో ఫీల్డులో పంపడం మొదలుపెట్టారు. 2018 నవంబర్ 8న బేస్‌క్యాంప్ 3 అనే ప్రాజెక్టు నిర్వహణ సేవలో ఒక టేబుల్ ఐడీలు 2147483647 దగ్గర ఆగిపోయాయి. దాదాపు 5 గంటలపాటు వినియోగదారులు పాత సమాచారం చదువుకోగలిగారు తప్ప కొత్తగా ఏమీ రాయలేకపోయారు. ఆ సంస్థ పుట్టించిన రైల్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2017లోనే, 5.1 వెర్షన్‌తో, కొత్త టేబుళ్లకు బిగ్‌ఇంట్ (64 బిట్ల) ఐడీలను డిఫాల్ట్ చేసింది. పాత టేబుల్ మాత్రం పాతగానే ఉండిపోయింది. ఫ్రేమ్‌వర్క్ అప్‌గ్రేడ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉన్న బృందాలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. డిఫాల్ట్ మారితే కొత్త టేబుళ్లే మారతాయి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 3.2లో అయితే కొత్తగా మొదలుపెట్టిన ప్రాజెక్టులకే ఆ మార్పు.

మన దగ్గర ఈ సమస్య ఇంకా దగ్గరగా ఉంటుంది. భారతదేశపు మొబైల్ నంబర్లు 10 అంకెలు, 6 నుంచి 9లోపు అంకెతో మొదలవుతాయి. అంటే అన్నిటికంటే చిన్న నంబరు కూడా 600 కోట్ల పైమాటే. గుర్తు లేని 32 బిట్ల కాలమ్‌లో కూడా ఒక్క మొబైల్ నంబరు పట్టదు. ఆధార్ 12 అంకెలు, ఆరోగ్య ఖాతా ఆభా 14 అంకెలు, గ్యాస్ కనెక్షన్ ఎల్‌పీజీ ఐడీ 17 అంకెలు. వీటిలో మొదటి రెండూ జావాస్క్రిప్ట్ పరిధిలో పడతాయి, ఎల్‌పీజీ ఐడీ పడదు. బ్యాంకు ఖాతా నంబర్లది వేరే తంటా. కొన్నిటికి ముందు సున్నాలుంటాయి, సంఖ్యగా మార్చిన క్షణంలో అవి మాయమవుతాయి. వీటిలో దేన్నీ ఎవరూ కూడరు, హెచ్చించరు. లెక్క కట్టని విలువకు సంఖ్య టైప్ ఎందుకివ్వాలి?

ఇక తప్పు జరిగినప్పుడు ఏమవుతుందో చూడండి. అన్నిటికంటే మేలైనది ఎర్రర్ రావడం. జావాలో పార్స్‌ఇంట్‌కు 3000000000 ఇస్తే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ వస్తుంది. సీ షార్ప్‌లో ఓవర్‌ఫ్లో ఎక్సెప్షన్. ఎక్సెల్ మాక్రోల్లో రన్‌టైమ్ ఎర్రర్ 6. ఆ మాక్రోల భాష వీబీఏలో ఇంటిజర్ అంటే 16 బిట్లే, 32767 దగ్గరే ఆగిపోతుంది. లాంగ్ అని రాస్తే 32 బిట్లు. మండల కార్యాలయాల నుంచి కార్పొరేట్ అకౌంట్స్ విభాగాల దాకా ఇలాంటి మాక్రోలు నడుస్తున్నాయి కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం. అయినా స్క్రిప్టు ఆగిపోతే ఎవరో ఒకరు చూస్తారు, సరిచేస్తారు.

ఆగకుండా తప్పు విలువతో ముందుకు పోయే స్క్రిప్టుతోనే ప్రమాదం. జావాలో 64 బిట్ల లాంగ్‌ను 32 బిట్ల ఇంట్‌గా క్యాస్ట్ చేసినా (బలవంతంగా మార్చినా), జావాస్క్రిప్ట్‌లో దశాంశాలు కత్తిరించడానికి బిట్‌వైజ్ ఆర్ సున్నా అనే పాత చిట్కా వాడినా, పై బిట్లు తెగిపోయి కింది 32 బిట్లే మిగులుతాయి. 3000000000 కాస్తా మైనస్ 1294967296 అవుతుంది. మైనస్ ఐడీతో అడిగితే మీ సర్వర్ 404 (దొరకలేదు) ఇస్తుంది, అక్కడితో పోతుంది. అదే 4294967301ని ఇలా కత్తిరిస్తే మిగిలేది 5. ఐదో నంబరు రికార్డు మీ డేటాబేస్‌లో నిజంగానే ఉంటుంది, బహుశా మొట్టమొదటి రోజుల్లో చేరిన ఖాతాదారుది. స్క్రిప్టు పని అప్‌డేట్ అయితే ఆ రికార్డు మారిపోతుంది, డిలీట్ అయితే పోతుంది. సర్వర్ 200 (సరే) అని జవాబిస్తుంది, లాగ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇంకో రకం. తప్పు విలువలను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేకుండా నడిచే సర్వర్‌లో ఇంట్ కాలమ్‌లోకి పెద్ద సంఖ్య రాస్తే ఎర్రర్ రాదు. ఒక వార్నింగ్ ఇచ్చి, పట్టే గరిష్ఠ విలువను రాసేస్తుంది. మొబైల్ కాలమ్‌లో వరుసగా 2147483647 కనిపిస్తోందంటే కారణం ఇదే. ఆ నంబర్లు తిరిగి రావు, అసలు విలువ ఎక్కడా మిగలదు. 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయినా, పాత అప్లికేషన్ ఆగిపోకూడదని దాన్ని తీసేసిన సర్వర్లు ఉంటాయి. మీది అందులో ఉందేమో ఒకసారి చూసుకోండి. ఇంట్ పక్కన బ్రాకెట్‌లో 11 అని ఉంటే 11 అంకెలు పడతాయని భ్రమపడే వాళ్లూ ఉన్నారు. అది చూపించే వెడల్పు మాత్రమే, పట్టే విలువకూ దానికీ సంబంధం లేదు.

చివరిది, మేం అన్నిటికంటే ఎక్కువగా భయపడేది, గుండ్రం చేయడం. ఉదాహరణకు కల్పించిన ఒక 17 అంకెల ఐడీ తీసుకోండి: 50000000123456789. దీన్ని జేసన్‌లో కొటేషన్లు లేకుండా పంపితే బ్రౌజర్ గానీ, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ గానీ చదివి తిరిగి చూపించేది 50000000123456790. ఈ పరిధిలో ఫ్లోట్ ప్రతి ఎనిమిదో సంఖ్యనే గుర్తుపెట్టుకోగలదు. అందుకే చివర 789 నుంచి 795 దాకా ఉన్న 7 వేర్వేరు ఐడీలూ ఒకే విలువ అయిపోతాయి. ఏడుగురు వినియోగదారులు ఒక్కరైపోతారు, ఆ ఒక్కరూ ఆ ఏడుగురిలో ఎవరో కూడా తెలియదు. అదే ఐడీ ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 15 అంకెల తర్వాత ఉన్నవన్నీ సున్నాలవుతాయి: 50000000123456700. సేవ్ చేశారంటే ఇక అంతే. ఒకే ఐడీ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే, ఏది అసలుదో తేల్చడానికి మీ డేటాబేస్ తప్ప ఇంకో సాక్ష్యం ఉండదు.

జావాస్క్రిప్ట్‌లో ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే బిగ్‌ఇంట్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ జేసన్‌ను చదివే జేసన్ పార్స్ ఫంక్షన్ దాన్ని దానంతటదే వాడదు. పార్స్‌కు రివైవర్ ఫంక్షన్ (చదివిన ప్రతి విలువనూ మార్చే అవకాశమిచ్చేది) ఇచ్చి, అందులో వచ్చిన విలువను బిగ్‌ఇంట్‌గా మార్చినా లాభం లేదు, దాని చేతికి విలువగా వచ్చేది అప్పటికే గుండ్రమైపోయిన సంఖ్య. పైగా బిగ్‌ఇంట్ ఉన్న ఆబ్జెక్ట్‌ను తిరిగి జేసన్‌గా మార్చబోతే టైప్ ఎర్రర్ వస్తుంది. కొత్త బ్రౌజర్లలో రివైవర్‌కు అంకెల అసలు పాఠం కూడా అందుతుంది, అది లేనిచోట వేరే పార్సర్ లైబ్రరీ పెట్టుకోవాలి. మీ వైపు నుంచి రెండు కొటేషన్ గుర్తులు పెడితే ఇదంతా అవసరం లేదు. చాట్ సేవ డిస్కార్డ్ తన ఐడీలన్నీ స్ట్రింగ్‌గానే పంపుతుంది. తన డేటా రూపం ప్రోటోబఫ్‌ను జేసన్‌గా మార్చే నియమాల్లో గూగుల్ 64 బిట్ల ఇంటిజర్లను స్ట్రింగ్‌గానే రాయాలని పెట్టింది.

అందువల్ల మీరు చేయాల్సినవి. ఇప్పుడు నడుస్తున్న ఐడీ ఫీల్డు టైప్‌ను రాత్రికి రాత్రి మార్చకండి. సంఖ్య వస్తుందని రాసుకున్న వేల స్క్రిప్టులు ఉదయానికి విరిగిపోతాయి. దాని పక్కన అదే విలువతో ఒక స్ట్రింగ్ ఫీల్డు చేర్చండి, రెండూ కలిసి కనీసం ఒక ఏడాది నడవనివ్వండి, తర్వాతి వెర్షన్‌లో సంఖ్యను తీసేయండి. మేం తిరిగి పంపేటప్పుడు స్ట్రింగ్‌నూ సంఖ్యనూ రెండిటినీ అంగీకరించండి. మీ ఏపీఐని వర్ణించే ఓపెన్ ఏపీఐ పత్రంలో ఇంటిజర్ అని మాత్రమే రాసి వదిలేయకండి. ఫార్మాట్ చెప్పకపోతే, దాన్నుంచి జావా క్లయింటు తయారుచేసే సాధనం 32 బిట్ల ఇంటిజర్‌ను ఎంచుకుంటుంది. మీ సర్వర్‌లో 64 బిట్లున్నా మా చేతికొచ్చే కోడ్‌లో సగమే ఉంటాయి. స్ట్రింగ్ అని, అంకెలు మాత్రమే అని, గరిష్ఠంగా 20 అక్షరాలు అని రాయండి. గుర్తు లేని 64 బిట్ల గరిష్ఠ విలువకు 20 అంకెలే కాబట్టి అది చాలు.

డేటాబేస్ విషయంలో, మీ టేబుల్ ఎంత నిండిందో వరుసలు లెక్కపెట్టి తేల్చకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రద్దయిన ట్రాన్సాక్షన్లు కూడా సీక్వెన్స్ (ఐడీలు ఇచ్చే కౌంటర్) నంబర్లను తినేస్తాయి. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో, ఉన్న వరుసను అప్‌డేట్ చేయమని చెప్పే ఇన్సర్ట్‌లు కొత్త వరుస పుట్టకపోయినా నంబరు ఖర్చుపెడతాయి. రోజూ రాత్రి కోటి వరుసలను ఇలా సింక్ చేసే టేబుల్ చూడ్డానికి కోటి వరుసలతోనే ఉంటుంది, దాని కౌంటర్ మాత్రం ఏడు నెలల్లో హద్దుకు చేరుతుంది. కౌంటర్‌నే చూడండి. మైఎస్‌క్యూఎల్ సిస్ స్కీమాలో ఆటో ఇంక్రిమెంట్ కాలమ్‌ల వ్యూ ఒకటి ఉంది, ప్రతి టేబుల్ ఎంత శాతం వాడుకుందో అందులో కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్స్‌ల వ్యూలో చివరి విలువ ఉంటుంది. లెక్క సులువే. కౌంటర్ 180 కోట్ల దగ్గరుండి రోజుకు 5 లక్షలు పెరుగుతుంటే, మిగిలిన 34 కోట్ల 74 లక్షలు సుమారు 695 రోజులకు సరిపోతాయి. సగం దాటగానే అలారం మోగాలి. 90 శాతం దగ్గర మోగే అలారం ఆలస్యమే, ఎందుకంటే మార్చే పని మీరనుకున్నంత త్వరగా కాదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంటిజర్ కాలమ్‌ను నేరుగా బిగ్‌ఇంట్ చేయమంటే టేబుల్ మొత్తాన్నీ తిరగరాస్తుంది. అది ముగిసేదాకా చదవడానికి కూడా తాళమే. పెద్ద టేబుల్‌కు చేయాల్సిన పద్ధతి వేరు. కొత్త బిగ్‌ఇంట్ కాలమ్ చేర్చి, కొత్తగా రాసే ప్రతి వరుస విలువా అందులోకి వెళ్లేలా ట్రిగ్గర్ పెట్టాలి. పాత వరుసలను కొద్ది వేల చొప్పున నింపుకుంటూ రావాలి. యూనిక్ ఇండెక్స్‌ను కాంకరెంట్‌గా, అంటే టేబుల్‌లోకి రాయడం ఆపకుండా, కట్టి, చివర్లో ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో పేర్లు మార్చాలి. మైఎస్‌క్యూఎల్ వాళ్లకు ఈ పని చేసిపెట్టే ఆన్‌లైన్ స్కీమా మార్పు సాధనాలున్నాయి. ఏ పద్ధతైనా ఆ ఐడీని సూచించే ఫారిన్ కీ కాలమ్‌లను వదిలేయకండి. ప్రధాన టేబుల్ బిగ్‌ఇంట్ అయ్యాక కూడా ఆడిట్ టేబుల్‌లోనో, రిపోర్టుల డేటాబేస్‌లోనో, ఎవరూ డిక్లేర్ చేయకుండా పేరుతోనే నడిచే ఓ కాలమ్‌లోనో పాత ఇంట్ దాగి ఉంటుంది. హద్దు దాటిన మొదటి వరుసకే అది పట్టుబడుతుంది. స్టోర్డ్ ప్రొసీజర్లలో పారామీటర్ల టైపులు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి, వాటిని ఎవరూ వెతకరు.

సమయం మించిపోయిన వాళ్లకు ఒక దారి ఉంది. సీక్వెన్స్‌ను మైనస్ 2147483648 నుంచి మొదలుపెట్టి పైకి లెక్కించడం. ఇంకో 214 కోట్ల నంబర్లు దొరుకుతాయి. కానీ మాకు చెప్పకుండా ఇది చేయకండి. ఐడీ సున్నా కన్నా పెద్దదా అని చూసే స్క్రిప్టులు, యూఆర్ఎల్‌లో అంకెలే ఉండాలని చూసే రౌటర్లు, ఐడీ వరుసను బట్టి కొత్తవేవో తేల్చుకునే సింక్‌లు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

హద్దు దాటడాన్ని దాని ఖర్మకు వదిలేయకండి. ఏ ఆదివారం అర్ధరాత్రో సహజంగా దాటేకన్నా, మీ ఇంజనీర్లూ మా ఇంజనీర్లూ ఆఫీసులో ఉండే ఒక పనిదినాన, ముందే చెప్పిన గంటకు, సీక్వెన్స్‌ను నేరుగా 300 కోట్లకు జరపండి. దానికి ముందు టెస్ట్ సర్వర్‌లో కౌంటర్‌ను 2147483640 దగ్గర పెట్టి మాకు తెరవండి. పదిహేను రికార్డులు సృష్టించి, చదివి, మార్చి, తీసేసి చూసుకుంటాం. 64 బిట్ల యాదృచ్ఛిక ఐడీలో, స్నోఫ్లేక్ తరహావో వాడబోతుంటే 9007199254740993తో కూడా పరీక్ష పెట్టండి. బేసి సంఖ్యే ఎందుకంటే, ఆ హద్దు దాటిన వెంటనే ఉండే పరిధిలో సరి సంఖ్యలన్నీ ఫ్లోట్‌లో చెక్కుచెదరవు. సరి ఐడీతో చేసిన పరీక్ష పాసై, నిజమైన డేటాలో సగం పాడవుతుంది. పరీక్షలో 9007199254740993 పంపితే 9007199254740992 తిరిగొచ్చిందా, ఎక్కడో ఫ్లోట్ ఉన్నట్టే.

స్క్రిప్టులు రాసే మా వైపు బాధ్యతా ఉంది, అది కూడా ఇక్కడే చెప్పడం న్యాయం. పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు, కానీ దాని డేటా లైబ్రరీ పాండాస్‌లో ఒక్క ఖాళీ విలువ ఉన్న ఐడీ కాలమ్ ఫ్లోట్ అయిపోతుంది. రెండు టేబుళ్లను కలిపే లెఫ్ట్ జాయిన్ చేసిన ప్రతిసారీ ఇది జరగొచ్చు. యూఆర్ఎల్ చివర పాయింట్ సున్నా కనిపించే 404లు అక్కడి నుంచే వస్తాయి. సీఎస్‌వీ చదివేటప్పుడే ఐడీ కాలమ్‌కు స్ట్రింగ్ టైప్ చెప్పాలి. పీహెచ్‌పీలో జేసన్ డీకోడ్‌కు పెద్ద ఇంటిజర్లను స్ట్రింగ్‌గా ఇవ్వమనే ఫ్లాగ్ ఉంది, దాన్ని వాడాలి. గో భాషలో టైప్ చెప్పని ఇంటర్‌ఫేస్‌లోకి డీకోడ్ చేస్తే ఫ్లోటే వస్తుంది, యూజ్‌నంబర్ పెట్టాలి. షెల్ స్క్రిప్టుల్లో జేసన్ చదివే సాధనం జేక్యూ 1.7 కన్నా పాతదైతే అదీ గుండ్రం చేస్తుంది. ఎక్సెల్‌లో ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసి, ఐడీ కాలమ్‌ను టెక్స్ట్ అని ఎంచుకోవాలి. స్ట్రింగ్‌గా మార్చాక ఒక జాగ్రత్త: అక్షర క్రమంలో 10 కన్నా 9 పెద్దదవుతుంది. ఏ ఐడీ పెద్దదో తేల్చాలంటే ముందు పొడవు పోల్చాలి, పొడవు సమానమైతేనే అక్షరాలు పోల్చాలి. పేజీలు తిప్పడానికి చివరి ఐడీలోంచి ఒకటి తీసేసే స్క్రిప్టులకు ఇక్కడే తిప్పలు. తర్వాతి పేజీకి మీరే ఒక కర్సర్ స్ట్రింగ్ ఇస్తే ఆ లెక్క మేం చేయనక్కర్లేదు.

మీ డాక్యుమెంటేషన్ మొదటి పేజీలో నాలుగు వివరాలు ఉంచమని అడుగుతున్నాం. ప్రతి ఐడీకి టైప్ ఏమిటి, ఇప్పుడు కౌంటర్ ఎక్కడుంది, ఇదే వేగంతో 2147483647ను ఏ నెలలో దాటుతుంది, దాటించే రోజున ఏదైనా విరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. కౌంటర్ విలువ బయటపెడితే వ్యాపార పరిమాణం తెలిసిపోతుందనే సందేహం కొందరికి ఉంటుంది. వరుస ఐడీలు ఇస్తున్నంతకాలం ఏ ఖాతాదారైనా ఈ రోజు ఒకటి, రేపు ఒకటి రికార్డు సృష్టించి ఆ తేడా లెక్కగట్టగలడు. అదైనా వద్దనుకుంటే నెల పేరు ఒక్కటి ప్రకటించండి, మా పనికి అది సరిపోతుంది.

ఇట్లు,
మీ ఏపీఐల మీద రోజూ స్క్రిప్టులు నడిపే ఇంజనీర్లు